కార్ట్‌లో ఊపిరి

పోయిన వారం మన హాస్టల్ గ్రూపులో మళ్ళీ ఆ లింక్ వచ్చింది. అర లీటరు సిలిండర్, దానికి మౌత్‌పీస్, ఒక చేతి పంపు, భుజానికి వేసుకునే సంచి. అన్నీ కలిపి డిస్కౌంట్ పోను పదివేల లోపే. వీడియోలో ఒకాయన నీలి నీళ్ళలో చేపలాగ తిరుగుతుంటాడు. కింద మనవాళ్ళ కామెంట్లు: "మామ, మిడ్ మానేరుల దుంకుదామా?", "తలా రెండు వేలు ఏసుకుందాం రా", "ధర్మపురి టూర్‌కు పట్కపోదాం." నేను అక్కడ ఏమీ రాయలేదు. గ్రూపులో రాస్తే జోకుల మధ్య కొట్టుకుపోతుంది, అందుకే మన పత్రికకు రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఆన్‌లైన్‌లో కొనడానికి నేను వ్యతిరేకిని కాదు. కోరుట్లలో పెరిగినవాడికి అంత పొగరు ఉండదు. సెన్సర్ కావాలన్నా, మంచి పుస్తకం కావాలన్నా, జగిత్యాలలో అడిగితే "తెప్పిస్తం, పది రోజులైతది" అనేవాళ్ళు. పది రోజుల తర్వాత పోతే "ఏది, ఏం చెప్పినవ్?" అనేవాళ్ళు. మూడేళ్ళుగా నా ప్రాజెక్టులన్నీ కొరియర్ అన్న బైకు మీదే వచ్చాయి. కాబట్టి ఇది "లోకల్ దుకాణాలను కాపాడుకుందాం" అనే వ్యాసం కాదు. నేను మాట్లాడేది ఒకే రకం సరుకు గురించి. నీళ్ళ కింద మనిషికి గాలి అందించే సరుకు. దాన్ని ఫోన్‌లో కొనొద్దు అంటున్నా. ఎందుకో చెప్పాలంటే మా పెద్దబాపు బావి దగ్గరికి పోవాలి.

పోయిన ఎండాకాలం సంగతి. కాకతీయ కాలువ పుణ్యమా అని మా దిక్కు బావుల్లో మే నెలలో కూడా నీళ్ళుంటాయి. పెద్దబాపు బావిలో సుమారు 30 అడుగుల నీళ్ళు. మోటరుకు కట్టిన తాడు పుచ్చిపోయి తెగింది. కేబుల్ పట్టి గుంజితే కేబుల్ ఊడి వచ్చింది కానీ మోటరు రాలేదు, అడుగున బురదలో కూరుకుంది. ఎప్పుడైనా ఇట్లా అయితే చెరువులో చేపలు పట్టే ఒక మామ వచ్చి, ఊపిరి బిగబట్టి మునిగి, తాడు కట్టి వచ్చేవాడు. ఈసారి ఆయనకు చెవిపోటు. పైన మక్కచేను ఎండుతోంది.

అప్పుడే మా ఇంటికి నా సిరిసిల్ల దోస్తు వచ్చి ఉన్నాడు. వాళ్ళ బాపు సాంచాల మీద పని చేస్తాడు. వీడు మానేరులో ఈత నేర్చినవాడు, మాలో ఎవడూ వీణ్ని నీళ్ళలో దాటలేడు. "పెద్దబాపు, నాలుగు రోజులాగు, నేను తీస్త" అన్నాడు. ఆ రాత్రి ముగ్గురం కలిసి ఆ మినీ సిలిండర్ ఆర్డర్ పెట్టాం. నా వాటా మూడు వేలు అమ్మ ఇచ్చింది. అది బీడీల పైసలు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యి బీడీలు చుడితే ఎంత వస్తుందో ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఇంట్లోనే తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

అయిదో రోజు డబ్బా వచ్చింది. పంపు కొట్టీ కొట్టీ భుజాలు పడిపోయాయి. ముగ్గురం వంతులవారీగా గంటకు పైగా కొడితే ముల్లు 180 బార్ దగ్గర ఆగింది. పంపు గొట్టం ముట్టుకుంటే కాలింది. మెకానికల్ వాణ్ని కదా, ఆ వేడికి లోపల గ్రీజు, తేమ ఏమవుతున్నాయో నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. వాడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

రెండు నిమిషాలు కూడా కాలేదు, బుడగలు ఆగిపోయాయి. మరుక్షణం వాడు బాణంలాగ పైకి వచ్చాడు, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మెట్ల మీద కూర్చోబెడితే దగ్గు ఆగలేదు. ఛాతి పట్టుకున్నాడు. ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. పెద్దబాపు తన జీవితంలో అంత వేగంగా ట్రాలీ ఆటో నడిపి ఉండడు. జగిత్యాలలో ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఎక్స్‌రే తీసి, రాత్రంతా ఉంచుకున్నారు. డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి మాట: "పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టినవా?"

వాడు బిగబట్టాడు. ఎందుకు బిగబట్టడు? మనకు బావిలో ఈత నేర్పినవాళ్ళంతా నేర్పింది అదే కదా. వీపుకు బెండు కట్టి తోసేటప్పుడు మా బాపు అరిచిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "దమ్ము పట్టు, దమ్ము ఇడువకు!" ఊపిరి బిగబట్టి మునిగేవాడికి అది సరైన మాట. పైన పీల్చిన గాలే లోపల ఉంటుంది, కిందికి పోతే నలుగుతుంది, పైకి వస్తే మళ్ళీ మొదటి పరిమాణానికి వస్తుంది. సిలిండర్ గాలి కథ వేరు. ప్రతి 10 మీటర్ల నీళ్ళకు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో సిలిండర్ నుంచి పీల్చిన గాలి రెట్టింపు ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని బిగబట్టి పైకి వస్తే అది రెట్టింపు పరిమాణానికి పెరగాలి. ఊపిరితిత్తులు పెరగలేవు కాబట్టి చినుగుతాయి. బాయిల్ సూత్రం, ఇంటర్ ఫస్టియర్. ఈత కొలను లోతులో కూడా ఇట్లా జరగొచ్చు. అందుకే స్కూబాలో మొదటి పాఠం, ఎక్కడికి పోయినా అదే: ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. అంటే బాగా ఈతొచ్చిన మన ఊరివాడికే ఆ పరికరం ఎక్కువ ప్రమాదం. ఈ సంగతి ఆ డబ్బా మీద కానీ, నాలుగున్నర స్టార్ల రివ్యూల్లో కానీ లేదు.

ఇప్పుడు లెక్క. అర లీటరు సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే సుమారు 100 లీటర్ల గాలి. మామూలుగా ఈదేవాడికి నిమిషానికి 20 లీటర్లు అనుకోండి. 10 మీటర్ల కింద అదే 40 లీటర్లు అవుతుంది. వంద భాగించు నలభై, రెండున్నర నిమిషాలు. చల్లటి బావిలో, చీకట్లో, బురదలో తాడు కట్టేవాడు నిమిషానికి 20 లీటర్లతో సరిపెట్టుకోడు. డైవింగ్ వాళ్ళు వాడే మామూలు అల్యూమినియం సిలిండర్ సుమారు 11 లీటర్లు. దానిలో 2,200 లీటర్ల గాలి పడుతుంది, అదే లోతులో 55 నిమిషాలు. వాళ్ళు అది కూడా మొత్తం వాడరు, 50 బార్ మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలని నియమం. ఈ భాగహారం చేయడానికి మాకు ముప్పై సెకన్లు చాలు. ముగ్గురం ఇంజనీరింగ్ వాళ్ళం, డెలివరీ డేట్ మాత్రం రోజుకు నాలుగుసార్లు చూసుకున్నాం.

దోస్తు బాగానే ఉన్నాడు. వాడి కోసం రాసిన మాట ఇది, అడుగుతారని.

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చింది. ఈ విద్య అసలు ఎట్లా నేర్పుతారో చూడాలని ఇంటర్న్‌షిప్ పైసలు దాచుకుని, జనవరిలో వరంగల్ దాకా బస్సు, అక్కణ్నుంచి రాత్రి రైలు పట్టుకుని విశాఖపట్నం పోయాను. రుషికొండ దిక్కు స్కూబా నేర్పేవాళ్ళున్నారు. నేను పోయిన షాపు పెద్దదేమీ కాదు. గోడకు వేలాడే వెట్‌సూట్లు, మూల మీద కంప్రెసర్, ఒక బల్ల. డబ్బు కంటే ముందు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఆస్తమా ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, ఫిట్స్ వచ్చాయా, ప్రస్తుతం జలుబుందా. జలుబు దగ్గర నిజం రాశాను. "అయితే రేపు నీళ్ళలోకి లేదు తమ్ముడూ. తగ్గాక రా" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. అంత దూరం వచ్చినవాణ్ని లాడ్జిలో రెండు రోజులు కూర్చోబెట్టాడు. కోపం వచ్చింది. ముక్కు మూసుకుపోతే చెవిలో ఒత్తిడి సర్దుకోదని, కర్ణభేరి పగలొచ్చని తర్వాత పాఠంలో తెలిసింది.

ఆ రెండు రోజుల్లో నేను చేసిన పని చెప్పాలి, సిగ్గుగానే ఉంది. షాపులో మాస్కులు పెట్టి చూసుకున్నా. మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీలిస్తే అది అతుక్కుని నిలబడాలి. ఆయన నాతో అయిదు మాస్కులు అట్లా పెట్టించాడు. "నీ చెంపలకు ఇది వదులు, మీసం దగ్గర ఇది లీకవుద్ది" అంటూ ఒక్కోటి తీసి పక్కన పెట్టాడు. చివరిది అతుక్కుంది. 3,200 రూపాయలు. నేను "ఆలోచించి చెప్తా సార్" అని, మాడల్ ఫొటో తీసుకుని, లాడ్జికి పోయి ఫోన్‌లో 1,900కు ఆర్డర్ పెట్టాను. అర్ధగంట ఆయన టైము, ఆయన అనుభవం ఉచితంగా వాడుకుని 1,300 మిగుల్చుకున్నా అనుకున్నా. మనలో చెప్పులు, షర్టుల దగ్గర ఇది చేయనివాడు ఎవడైనా ఉంటే చేయి ఎత్తండి.

వచ్చిన మాస్కు అచ్చం అదే. పేరు, రంగు, డబ్బా అంతా అదే. ముఖానికి ఆనే అంచు మాత్రం మెత్తటి సిలికాన్ కాదు, గట్టి ప్లాస్టిక్. సముద్రంలో పడవ మీంచి దిగిన మూడో నిమిషంలో కళ్ళ దాకా ఉప్పునీళ్ళు. కొలనులో మాస్కులో నీళ్ళు ఊదేసే అభ్యాసం చేశాను కానీ, ఊదిన కొద్దీ మళ్ళీ నిండుతోంది. పైకి తీసుకొచ్చి ఆయన తన సంచిలోంచి ఇంకో మాస్కు ఇచ్చాడు. నేను షాపులో వదిలి వచ్చిన ఆ చివరిదే. "ఇది పెట్టుకో" అన్నాడు, అంతే. ఒడ్డుకు వచ్చాక నేనే ఒప్పుకున్నా. "తెలుసు తమ్ముడూ, ఫొటో తీసుకున్నప్పుడే తెలుసు" అని నవ్వాడు. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు నయం.

బావి సంగతి కూడా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "సిలిండర్ ఎవరు నింపారు?" పీల్చే గాలి నింపే కంప్రెసర్‌కు ఫిల్టర్లు వేరే ఉంటాయట, నూనె ఆవిరి, తేమ, కార్బన్ మోనాక్సైడ్ రాకుండా. టైర్లకు గాలి కొట్టే యంత్రంతో ఆ పని కాదు. చెడ్డ గాలి పైన తలనొప్పి తెప్పిస్తే, కింద ఒత్తిడిలో అదే స్పృహ తప్పిస్తుంది. ఇట్లాంటి చిన్న సిలిండర్లు పట్టుకుని నింపమని తన దగ్గరికి కూడా వస్తుంటారని, ట్రైనింగ్ కార్డు చూపించమంటే తిట్టి పోతారని చెప్పాడు. "పోతే పోనీ" అన్నాడు.

నాకు విషయం అక్కడ అర్థమైంది. ఆ షాపులో నాకు ఎక్కువ ధర అనిపించినదాంట్లో సగం, "వద్దు" అని చెప్పినందుకు. జలుబు ఉంటే వద్దు, ఈ మాస్కు వద్దు, కార్డు లేకుంటే గాలి వద్దు. యాప్ నాకు ఎప్పుడూ వద్దని చెప్పలేదు. సిలిండర్ కొన్న మరునాడు, "దీంతో పాటు ఇవి కూడా కొంటారు" అని లోతు కొలిచే గడియారం చూపించింది.

ఈ "వద్దు" మన ఊళ్ళలో మనకు కొత్త కాదు. కోరుట్లలో మేం పోయే మోటరు వైండింగ్ మేస్త్రి, కొత్త మోటరు కొంటానని బాపు పోతే, "కొత్తది ఎందుకే, బేరింగ్ పోయింది, ఇది ఇంకో మూడేండ్లు నడుస్తది" అని వెనక్కి పంపినవాడు. సిరిసిల్లలో నా దోస్తు వాళ్ళ బాపు, మా అక్క ఆన్‌లైన్‌లో పట్టు అని కొన్న చీర కొంగు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "బిడ్డా, ఇది పాలిస్టర్. సాంచా మీద నేసింది. ఫొటోల పట్టు, పాలిస్టర్ ఒక్కతీరే మెరుస్తయి" అన్నాడు. చీర అయితే నవ్వుకుని కట్టుకుంటాం. రెగ్యులేటర్ అయితే?

రెగ్యులేటర్ అంటే సిలిండర్‌లో ఉన్న 200 బార్ల గాలిని, మనం ఉన్న లోతుకు తగినట్టు, అడిగినప్పుడల్లా అంతే ఒత్తిడితో నోటికి అందించే పరికరం. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు దీన్ని పనికొచ్చేలా చేశారు. గాన్యాన్ ఇంజనీరు, గ్యాస్ వాల్వుల మీద పని చేసినవాడు, ఈ మాట మెకానికల్ బ్రాంచి గర్వం కోసం రాస్తున్నా. దానిలో డయాఫ్రమ్, స్ప్రింగు, ఓ-రింగులు ఉంటాయి. రబ్బరు గట్టిపడుతుంది, ఉప్పు పేరుకుంటుంది. మామూలుగా ఏడాదికోసారి విప్పి సర్వీస్ చేయించమంటారు. మా బావ ఫుజైరాలో పని చేస్తాడు, అక్కడ డైవింగ్ షాపులు చాలా. "రెగ్యులేటర్ తక్కువకు దొరుకుతుంది, సామాన్లలో పెట్టుకుని రానా?" అని అడిగాడు. ఆశ పుట్టింది. తర్వాత ఆలోచించాను. సిలిండర్‌కు తగిలించే పద్ధతులు రెండున్నాయి, మర తిప్పే డిన్, బిగించే యోక్. ఏది తెచ్చినా ఇక్కడ నాకు దొరికే సిలిండర్‌కు కుదరాలి. కుదిరినా, ఏడాది తర్వాత జగిత్యాలలో ఎవరికి చూపించను? బైకు మెకానిక్‌కా? వద్దన్నా. బావ చాక్లెట్లు తెచ్చాడు.

సిలిండర్ అయితే ఇంకా వేరు. మనదేశంలో డైవింగ్ వాళ్ళు వాడే మామూలు సిలిండర్లకు గ్యాస్ సిలిండర్ నియమాలు 2016 ప్రకారం నాగ్‌పూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో అనే సంస్థ ఆమోదం ఉండాలి, కాలానుగుణంగా నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. మేం కొన్న దాని మీద చూశాను. తయారీ తేదీ లేదు, పరీక్ష ముద్ర లేదు. ఒక తళతళలాడే స్టిక్కర్ ఉంది. దాన్ని మూడు రోజులు మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టుకున్నాం.

షాపులన్నీ దేవాలయాలు అనడం లేదు. ఇంకో రాష్ట్రంలో ఒక షాపుకు ఫోన్ చేస్తే, నా కోర్సు సగంలో ఉందని చెప్పినా వినకుండా, బీసీడీ, రెగ్యులేటర్, కంప్యూటర్ అంతా కలిపి లక్ష దాటే సెట్ అంటగట్టబోయారు. అది వద్దు అనే షాపు కాదు. మనమే వద్దనాలి. నిజానికి ఏడాదికి ఒకసారి సముద్రం చూసే మనకు పెద్ద పరికరాలు కొనాల్సిన పనే లేదు. అద్దెకు తీసుకుంటే వాటి సర్వీస్ తలనొప్పి షాపువాళ్ళది. సొంతంగా కొనదగ్గది మాస్కు, అదీ ముఖానికి పెట్టి చూసి. తడి సంచి, టార్చి, నీళ్ళలో వేసుకునే బూట్లు, టవల్, ఇవి ఆన్‌లైన్‌లో హాయిగా కొనండి. నేను కొన్నాను, బాగున్నాయి. టార్చి పాడైతే పైకి వచ్చేస్తాం.

"అన్నా, విశాఖ దాకా ఎవడు పోతడు?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. మనకు సముద్రం లేదు, ఉన్నవి బావులు, కాలువలు, ధర్మపురి దగ్గర గోదావరి, సిరిసిల్ల పక్కన 25 టీఎంసీలు దాటే మిడ్ మానేరు. ప్రతి ఎండాకాలం పేపర్లో "గజ ఈతగాళ్ళతో గాలింపు" అని చదువుతాం. ఆ గజ ఈతగాళ్ళు చేపలు పట్టే మన ఊరి మామలే. వాళ్ళకు మాస్కు కూడా ఉండదు. కళ్ళు తెరిచి బురదనీళ్ళలో చేతులతో వెతుకుతారు. మన దిక్కు స్కూబా అవసరం ఎవరికైనా ఉంటే ముందు వాళ్ళకు ఉంది. జిల్లాకు నలుగురికి శిక్షణ ఇప్పించి, సర్వీస్ అయిన రెండు సెట్లు ఒకచోట పెట్టమని అడగడానికి మన ఎన్ఎస్ఎస్ యూనిట్ ఒక అర్జీ రాయొచ్చు. పదివేలు పోగేసి ఆ డబ్బా తెప్పించుకోవడం కంటే దీనికి ఎక్కువ ఓపిక కావాలి, ఒప్పుకుంటా.

పెద్దబాపు మోటరు ఏమైందంటారా? పక్క చేను ఆయన మోటరు అడిగి తెచ్చి, రెండు రోజులు నీళ్ళు తోడించాడు. తోడిన నీళ్ళు మక్కచేనుకే పారించాడు. నడుంలోతుకు వచ్చాక దిగి తాడు కట్టి గుంజారు. "మొదలే ఇట్ల చేస్తే అయిపోవు" అన్నాడు. మా ముఖాలు చూసి ఇంక ఏమీ అనలేదు.

సిలిండర్ రిటర్న్ తీసుకోలేదు. వాడిన వస్తువు అన్నారు. గాలి వదిలేసి హాస్టల్ గదిలో బీరువా మీద పెట్టాం. అమ్మ పైసలు గుర్తొచ్చి, సెకండ్ హ్యాండ్ యాప్‌లో పెడదామని నేనే అన్నాను, ఈ మాట దాచను. సగం ధర పెట్టిన రోజు సాయంత్రమే ఫోన్ వచ్చింది, జగిత్యాల దిక్కు ఒక ఊరి నుంచి. గొంతు చూస్తే ఇంటర్ పిల్లగాడు. "అన్నా, నాలుగు వేలకు ఇస్తవా? మా బావిల మోటరు పడ్డది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. సిరిసిల్లోడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశా. వాడే ఫోన్ తీసుకుని, "వద్దు తమ్మీ, అమ్మం. మీ బావి ఎంత లోతుంటది, పక్కపొంటి ఎవలకన్న మోటరున్నదా?" అని అడగడం మొదలుపెట్టాడు.